పదిహేడేళ్ళ ప్రమాణం

భీష్ముడి ప్రతిజ్ఞ కథ చెప్పుకునేటప్పుడు, దేవతలు పూలవాన కురిపించిన చోట మనం ఆగిపోతాం. నన్ను చిన్నప్పటినుంచీ వెంటాడింది మాత్రం చాలా ఏళ్ళ తరవాతి ఘట్టం. ద్రౌపదిని జుట్టు పట్టి సభకు ఈడ్చుకొచ్చిన రోజున అంత ధర్మజ్ఞుడికీ నోరు పెగల్లేదు. ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తల దించుకున్నాడు. వయసులో ఉండగా, తండ్రి దిగులు చూడలేక, ముందు ఏం రాబోతోందో తెలియక ఇచ్చిన మాట ఆయన్ని ఆ సింహాసనానికి కట్టిపడేసింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం గొప్పే. లోకం తెలియని వయసులో ఆ మాట పుచ్చుకోవడం న్యాయమేనా అన్నది నా సందేహం.

ఈ సందేహం ఈ వేసవిలో మా ఇంటి గడప తొక్కింది. మా చెల్లెలి కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాసింది. భోపాల్‌లో అయిదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ, ఆ పైన మెడికల్స్ దాటుకుని మెరిట్ లిస్టులోకి వచ్చింది. అదే సమయానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. సీటు కూడా వచ్చింది. ఇటు చదువు, అటు ఖడక్వాస్లాలోని అకాడమీ. "నువ్వు చెప్పక్కా, నీ మాటైతే వింటుంది" అంది మా చెల్లెలు. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఏం చెబుతానో అందరికీ ముందే తెలుసనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మిలిటరీకి వెళ్తే క్రమశిక్షణ వస్తుంది, మనిషి మనిషవుతాడు అంటారు. నేను ఒప్పుకోను. పొద్దున్నే లేవడం, బూట్లు మెరిపించడం, గీత మీద నిలబడడం మంచి అలవాట్లే. అవి మంచి మనుషులకూ వస్తాయి, దుర్మార్గులకూ వస్తాయి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో 1,650 తూటాలు లెక్క తప్పకుండా పేల్చినవాళ్ళకు క్రమశిక్షణ లోటేమీ లేదు. ఆజ్ఞ ఇచ్చినవాడు ఇంగ్లీషువాడు. తుపాకులు పట్టినవాళ్ళు ఈ ఉపఖండంవాళ్ళే.

యూనివర్సిటీలో స్వేచ్ఛ ఉంటుంది, ఆలోచించడం వస్తుంది అనే మాట కూడా నాకు అంత తేలిగ్గా మింగుడు పడదు. జీవితమంతా ఆ గూట్లోనే గడిపినదాన్ని కాబట్టి చెప్పగలను. నేను చదువుకున్న యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టలు గేటు చీకటి పడకముందే మూసేవారు. బయటికి వెళ్ళాలంటే రిజిస్టర్లో ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని రాసి సంతకం పెట్టాలి. లైబ్రరీ రాత్రి దాకా తెరిచి ఉండేది, మగపిల్లలకు. పగలు క్లాసులో రూసో గురించి విని, సాయంత్రం ఆ గేటు లోపల కూర్చుని నోట్సు రాసుకునేవాళ్ళం. ఇక ఇప్పటి సంగతి. డెబ్బై అయిదు శాతం హాజరు, ఇంపార్టెంట్ క్వశ్చన్స్, పరీక్షకు ముందురోజు జెరాక్స్ షాపు దగ్గర క్యూ. ఇందులో ఆలోచన ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ఎప్పుడో, ఒక్కో క్లాసులో, ఒకరిద్దరిలో పుడుతుంది. దాని కోసమే నేను ఉద్యోగం చేశాను. కానీ అడుగు పెట్టిన ప్రతివాళ్ళకీ అది దొరుకుతుందని ఏ తల్లికీ హామీ ఇవ్వలేను.

అయినా నా మొదటి మాట మారలేదు. ముందు డిగ్రీ చదువు, లోకం చూడు, నాలుగు పుస్తకాలు చదివి నలుగురితో వాదించు. ఇరవై ఒకటో ఏట కూడా అదే మనసుంటే డిగ్రీ అయినవాళ్ళు సైన్యానికి రాసే సీడీఎస్ పరీక్ష రాయి. దారి మూసుకుపోదు కదా. కార్గిల్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ఉస్మానియాలో డిగ్రీ పూర్తిచేసి, ఆ తరవాతే మద్రాసు ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్ళాడు. చదివి, ఎదిగి, తెలిసి ఇచ్చిన మాట అది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

కానీ ఆ పేరు తలుచుకోగానే ఇంకో పేరు పక్కన వచ్చి నిలబడుతుంది. సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో తన మనుషులకు ముందు నిలబడి పోరాడి పోయాడు. ఆయన చిన్నతనంలోనే మా విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరి, అక్కడినుంచి నేరుగా ఎన్‌డీఏకి వెళ్ళినవాడు. ఇద్దరికీ మహావీరచక్రే. ఎవరి ప్రమాణం పండినది, ఎవరిది పచ్చిది? అలా అడగడానికే నోరు రాదు. నా వాదన అక్కడ ఆగిపోయింది. ఆగిన చోటనుంచి కదలలేక చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

అప్పుడే హవల్దారుగారు గుర్తొచ్చారు.

ఎం.ఏ.లో మాతోబాటు చదువుకున్న మనిషి ఆయన. శ్రీకాకుళం వైపు పల్లెటూరు. పట్టాళంలో పదిహేనేళ్ళకు పైగా చేసి, పెన్షన్ తీసుకుని వచ్చి, ప్రైవేటుగా బీఏ కట్టి పాసై, మాలాంటి పిల్లల మధ్య మొదటి బెంచీలో కూర్చునేవారు. నెరిసిన క్రాపు, టక్ చేసిన తెల్లచొక్కా. క్లాసు మొదలయ్యే లోపు స్కేలు పెట్టి నోట్సులో రాబోయే నాలుగు పేజీలకూ ఎర్ర పెన్సిల్‌తో మార్జిన్లు గీసుకుని సిద్ధంగా ఉండేవారు. మాస్టారు గుమ్మంలోకి రాగానే ఆయన లేచి నిలబడేవారు. ఆయన్ని చూసి మేమూ లేచేవాళ్ళం, కాస్త ఆలస్యంగా.

ఒకరోజు శాసనోల్లంఘన ఉద్యమం పాఠం. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో జరిగిన సంగతి మాస్టారు చెబుతున్నారు. ఖిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన పఠాన్ల మీద కాల్పులు జరపమంటే, చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన తోటి సిపాయిలు తుపాకులు దించేశారు. కోర్టుమార్షల్ చేశారు. చంద్రసింగ్‌కు యావజ్జీవం పడింది, 1941 దాకా బయటికి రాలేదు. మేమంతా ఊగిపోయాం. అసలు సిపాయి అంటే అలా ఉండాలన్నాడొకడు. ఆజ్ఞ అన్యాయమైతే పాటించేవాడు మనిషే కాడన్నాను నేను. మాస్టారు మొదటి బెంచీ వైపు తిరిగి "మీరేమంటారు?" అని అడిగారు. హవల్దారుగారు లేచి నిలబడి, "పెద్ద పని సేసినాడండి" అని మాత్రం చెప్పి కూర్చున్నారు.

క్లాసయ్యాక చింతచెట్టు కింద టీ బడ్డీ దగ్గర నేను ఊరుకోలేదు. మీరేమీ మాట్లాడలేదేం, మీరైతే కాల్చేవారా అని అడిగేశాను. వయసు అలాంటిది. ఆయనకు కోపం రాలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"కాదనీగలరమ్మా మీరు. మీకు ఆర్డరిచ్చినోడెవుడు? ఆర్డరే లేనోడికి కాదనడానికి ఏటి ఖర్చవుతాది?"

ఆ తరవాత చెప్పింది ఆయన మాటల్లో పూర్తిగా రాయలేను, గుర్తున్నంత రాస్తాను. 1971 డిసెంబరు. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. వేలకు వేల ఖైదీలు. వాళ్ళను కాపలా కాసే పని మనవాళ్ళది. కాపలా అంటే పారిపోకుండా చూడ్డం కాదు, వాళ్ళు పారిపోయేదెక్కడికి? చుట్టూ ఉన్న జనం వాళ్ళను చంపేయకుండా చూడ్డం. అంతకు కొన్ని రోజుల ముందే ఆయన ఒక పల్లెలోకి వెళ్ళారు. అక్కడ ఏం చూశారో చెప్పలేదు. "సూసినాను" అని మాత్రం అన్నారు. ఇప్పుడు ఆ పల్లెల జనమే కర్రలూ కత్తులూ పట్టుకుని కంచె దగ్గరికి వచ్చారు. ఒక ముసలామె ఆయన చొక్కా పట్టుకుని అడిగిందట, నువ్వు కొంచెంసేపు అటు తిరుగు నాయనా అని. భాష రాకపోయినా అర్థమయిందట. ఆయన మనసంతా ఆమె వైపే ఉంది. చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెండు నిముషాలు అటు తిరిగి నిలబడితే చాలు.

తిరగలేదు. ఖైదీని ముట్టుకోనివ్వకూడదని ఆర్డరు.

"ఆ పొద్దు నాకా ఆర్డరు లేకపోతే నేను మనిషిగా మిగిలిపోదునా?" అన్నారు. ఆయన చెప్పినదంతటిలో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్న వాక్యం ఇదే.

మరి ఇంత చేసివచ్చి, మళ్ళీ ఈ చదువెందుకండీ అని అడిగాను. "అప్పుడు సేసినదేటో తెలుసుకుందామని" అన్నారు. గ్లాసు కడిగి బడ్డీవాడికి ఇచ్చేసి, క్లాసుకు వేళయిందని లేచారు.

ఆనాడు ఈ కథ నాకు పూర్తిగా ఎక్కలేదు. ఈ వేసవిలో మాత్రం అది నా బుర్రను కుదిపేసింది. ఆజ్ఞ అనగానే చెడు, అంతరాత్మ అనగానే మంచి అని నా తరం చదువరులందరం ఒక లెక్క వేసుకున్నాం. ఆ లెక్క పెషావర్ బజారుకు సరిపోతుంది. ఢాకా కంచె దగ్గర తారుమారవుతుంది. అక్కడ అంతరాత్మ పగ కోరింది, ఆజ్ఞ కరుణ చూపింది. ఇంకో సంగతి. కాదన్న చంద్రసింగ్, ఔనన్న హవల్దారు, ఇద్దరూ ముందే ఒక మాటకు కట్టుబడి ఉన్నవాళ్ళు. వాళ్ళ ఔనుకైనా కాదుకైనా బరువు ఆ కట్టుబాటు వల్లే వచ్చింది. ఏ మాటకూ కట్టుబడకుండా, అన్ని వైపులా తలుపులు తెరిచి ఉంచుకుని బతికినవాళ్ళం మేము. మా కాదుకు బరువెక్కడిది?

ఇక్కడ నన్ను నేనే అడ్డుకుంటాను. చంద్రసింగ్ పట్టాళంలో చేరింది 1914లో. ఫ్రాన్సులో, మెసపొటేమియాలో మొదటి ప్రపంచయుద్ధం చూశాడు. పెషావర్ నాటికి ఆయనకు నలభై దగ్గరపడ్డాయి. ఆ తుపాకీ దించింది ఆ వయసు, ఆ అనుభవం. పదిహేడేళ్ళ పిల్లకు అది ఎక్కడినుంచి వస్తుంది? ఖడక్వాస్లాలో మూడేళ్ళు, ఆ తరవాత మరో ఏడాది శిక్షణ. ఇరవై రెండో ఏటికల్లా ముప్ఫైమంది జవాన్ల బతుకులు చేతిలో పెడతారు. వాళ్ళలో సగంమంది ఆమెకంటే పెద్దవాళ్ళు. సైనిక చట్టం శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరిస్తేనే. ఆ ఆజ్ఞ చట్టబద్ధమో కాదో ఆ క్షణాన తేల్చుకోవలసింది ఎవరు? ఆ పిల్లే. అందుకు చరిత్ర తెలియాలి, చట్టం తెలియాలి. అన్నిటికంటే ముందు తన భయం సంగతి తనకు తెలియాలి.

పోనీ, యూనివర్సిటీలో అయిదేళ్ళుంటే తన భయం తెలుస్తుందా? తెలియదు. నాకు తెలియలేదు.

అర్జునుడి సంగతి కూడా చూడండి. సైనికుల గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ గీతను యుద్ధం చెయ్యమన్న ఆజ్ఞగా చెబుతారు. అది మొదలయ్యేదే ఒక సైనికుడి ప్రశ్నతో. మొదటి అధ్యాయం విషాదయోగం. ఆ ప్రశ్న అర్జునుడికి ద్రోణుడి దగ్గర విద్య నేర్చుకుంటున్నప్పుడు రాలేదు. అప్పుడు ఆయనకు పిట్ట కన్ను తప్ప ఏమీ కనబడలేదు. రెండు సేనల మధ్య రథం ఆపి, ఎదురుగా తాతనూ గురువునూ చూసినప్పుడు వచ్చింది. నిజమైన సందేహం రావలసిన చోటే వస్తుందేమో. ముందే తరగతి గదిలో సందేహించి పెట్టుకుంటే అక్కరకొస్తుందన్న నమ్మకంతోనే నేను జీవితమంతా పాఠాలు చెప్పాను. ఆ నమ్మకాన్ని వదులుకోలేను. అలాగని దాన్ని ఇంకొకరి జీవితం మీద పందెం కాయలేను.

చివరికి పిల్లనే కూర్చోబెట్టి అడిగాను. ఏమే, ఒకరు చెప్పినట్టల్లా నడుచుకోవడం నీకు కష్టంగా ఉండదా?

"ఇంటర్ రెండేళ్ళూ ఎలా ఉన్నాననుకున్నావు పెద్దమ్మా?" అంది. తెల్లవారుజామున అయిదింటికి బెల్లు. రాత్రి పదిదాకా స్టడీ అవర్స్. వారం వారం టెస్టు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు. నెలకోసారి ఔటింగ్. ఆదివారం చెట్టుకింద అమ్మ తెచ్చిన క్యారియర్ తినేటప్పుడు వార్డెన్ గడియారం చూసుకుంటూ నిలబడేవాడు. "అక్కడ ఎవరూ నన్ను ఒప్పుకుంటున్నావా అని అడగలేదు పెద్దమ్మా. నాన్న ఫీజు కట్టాడు, నేను వెళ్ళాను. ఎస్ఎస్‌బీలో అయిదు రోజులూ రకరకాలుగా అడిగింది అదే. ఎందుకు రావాలనుకుంటున్నావు, నిజంగా నువ్వే వస్తున్నావా అని."

నా దగ్గర జవాబు లేదు. పదిహేడేళ్ళ పిల్ల మాట పుచ్చుకోవడం న్యాయమా అని నేను మథనపడుతున్నాను. అంతవరకూ ఆ పిల్ల మాటను అసలు అడిగినవాళ్ళే లేరు. మేమూ అడగలేదు.

బొమ్మ చూసి కథ రాసే పరీక్ష గురించి కూడా చెప్పింది. తెర మీద ఒక్కో బొమ్మ ముప్ఫై సెకన్లు చూపిస్తారు, నాలుగు నిముషాల్లో కథ రాయాలి. పదకొండు బొమ్మలయ్యాక పన్నెండోది ఖాళీ తెర. ఏదైనా రాసుకోవచ్చు. కోచింగుకు వెళ్ళినవాళ్ళు దానికో కథ బట్టీపట్టి ఉంచుకుంటారట. నువ్వేం రాశావే అన్నాను. ఊరి చెరువు గట్టు తెగబోతోందని, పెద్దలంతా కలిసి కింది పేట వైపు గండి కొట్టమన్నారని, పార పట్టుకున్న అమ్మాయి కొట్టనని చెప్పి రెండో వైపు ఇసుక బస్తాలు మోసిందని రాసిందట. ఒక్క కథతో ఎవరూ ఎంపిక కారు, ఆ కథను వాళ్ళు ఎలా చదివారో నాకు తెలియదు. కానీ ఖాళీ తెర మీద దానికి కనబడింది కాదనే మనిషి. సైన్యంలో చేరబోతూ అది రాసిన కథ అదీ.

వెళ్ళమన్నాను.

సందేహం తీరలేదు గానీ దారి మార్చింది. భీష్ముడి ప్రతిజ్ఞకు బదులుగా శంతనుడు ఊరుకోలేదు. కోరుకున్నప్పుడే మరణం వచ్చేలా వరమిచ్చాడు. ప్రమాణమంటే ఇద్దరి మధ్య నడిచేది. ఇన్నాళ్ళూ నేను ఇచ్చేవాళ్ళ వయసే చూశాను. పుచ్చుకునేవాళ్ళు తిరిగి ఏం మాట ఇస్తున్నారో చూడలేదు. అకాడమీలో చేర్చేముందు తల్లిదండ్రులు రెండు కాగితాల మీద సంతకం పెట్టాలి. ఒకటి బాండు. పిల్ల తన ఇష్టంతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి. అది సబబే. రెండోది ధ్రువపత్రం. శిక్షణలో గాయపడినా, ప్రాణం పోయినా ప్రభుత్వం నుంచి నష్టపరిహారం అడిగే హక్కు లేదని తమకు పూర్తిగా తెలుసని రాసివ్వాలి. మా మరిది ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. మా చెల్లెలు మాట్లాడకుండా పెన్ను అందించింది.

శిక్షణలో వెన్ను విరిగి, తలకు దెబ్బ తగిలి ఇంటికి వచ్చేసిన కేడెట్లు ఈ దేశంలో ఉన్నారు. ఇంకా కమిషన్ రాలేదు కాబట్టి వాళ్ళు మాజీ సైనికులు కారు. పెన్షన్ బదులు ఎక్స్‌గ్రేషియా ఇస్తారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ఆ నెలలోనే ప్రభుత్వం మాజీ సైనికుల వైద్య పథకాన్ని వాళ్ళకూ వర్తింపజేసింది. అంతకు ముందు అదీ లేదు. యూనివర్సిటీ మన పిల్లలనుంచి ఏ ప్రమాణమూ కోరదు. అందుకే దానిమీద నాకు ఈ పట్టింపు లేదు. అకాడమీ ప్రాణమే ఇస్తానని మాట తీసుకుంటోంది. 2025 మే 30న మొదటి పదిహేడుమంది ఆడపిల్లలు ఖడక్వాస్లా నుంచి పట్టభద్రులై బయటికి వచ్చారు. వాళ్ళ వెనక మా పిల్లలాంటివాళ్ళు ఇంకా ఇంకా వెళ్తున్నారు. ఈ దేశాన్ని నడిపేవాళ్ళను నేను అడిగేది ఒక్కటే. గేటు లోపల అడుగుపెట్టిన రోజునుంచే కేడెట్‌ను సైనికుల లెక్కలో వెయ్యండి. ఆ ధ్రువపత్రాన్ని తీసేయండి.